వదులైన ముడులు

కనకమామిడి ఊరి తోటలో కాలేజీ పిల్లలు కట్టిన వెదురు పందిరిని అందరూ మెచ్చుకుంటుంటే, విమలమ్మ చూపు మాత్రం దాని ముడుల మీదే ఉంది. సాయంత్రం ఆరింటికి దాని కింద సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు రెండు వందల మంది కూర్చుంటారు. నడుమ నిలబడి దాన్ని ఎలా కట్టారో చెప్పేది ఆమె కూతురు కృప. ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం.

అన్నం డబ్బా ఇవ్వడానికి మొయినాబాద్ నుంచి వచ్చిన విమలమ్మ, ఒక గుంజకు కట్టిన ముడి కింద వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి పోయింది. పక్క ముడీ అంతే.

పది రోజుల కింద కట్టినప్పుడు అందులో గడ్డిపోచ దూరేది కాదు. పచ్చి బొంగులు ఎండకు సన్నబడ్డాయి. ఆమె తండ్రి ప్రేమదాసు చర్చి కూటాలకు పందిరి వేస్తే, మూడో రోజున ప్రతి ముడీ విప్పి, నానిన తాడుతో మళ్లీ బిగించేవాడు.

"బిడ్డా, ముడులు వదులైనయి. ఎవ్వరినీ లోపటికి రానియ్యకు."

"మొదలువెట్టినవా?" కృప నవ్వింది. "బస్సెక్కితే బ్రేకులు ఫెయిలైతయంటవు, దగ్గితే దవాఖానకు నడువంటవు. కంప్యూటర్ల లెక్కలు చూసినం అమ్మా, ఏం గాదు."

"మా ఇంటికి గూడ రాండ్రి ఆంటీ, స్లాబు చూద్దురు," అన్నాడు కృప క్లాసు పిల్లాడు మహేశ్వర్. అందరూ పకపకా నవ్వారు.

విమలమ్మ వెళ్లి పందిరి నడుమ చతికిలబడింది. "అయితే ముందుగాల నా మీదనే పడనీ."

"ఇజ్జత్ తియ్యకు, లే!" కృప విసవిసా వచ్చి, ఎంత గట్టిగా ఉన్నదో చూపిద్దామని ఒక గుంజను పట్టుకుని ఊపింది. పైన అడ్డబొంగు కిర్రుమంది. తాడు గుంజ మీదుగా జారి ఆమె చేతి మీద పడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అమ్మా," కృప గుంజ మీంచి చెయ్యి తీసింది. "మెల్లగ బయటికి రా. ఏదీ ముట్టకు."

తన భయాన్ని ఒక్కరైనా నమ్మితే చాలని ఇన్నేళ్లూ అనుకున్న విమలమ్మకు, నమ్మిన బిడ్డ మొహం చూడగానే లేచి నిలబడ్డానికి కూడా భయమేసింది. పాకుతూ బయటికి వచ్చింది.

పందిళ్లు వేసే భిక్షపతిని ఫోన్ చేసి పిలిపించారు. నలుగురు మనుషులతో వచ్చి, తాళ్లు నానబెట్టి, అన్ని ముడులూ విప్పి కట్టేసరికి ఏడున్నర. అతిథులు కార్లలోనే కూర్చున్నారు.

"ఇగ ఫికర్ జెయ్యకు అక్కా, ఏనుగొచ్చి రుద్దుకున్నా కదలది," అన్నాడు భిక్షపతి.

దీపాలు వెలిగాయి. చప్పట్ల మధ్య కృప మైకు అందుకుంది. ఎవరో కుర్చీ వేసినా విమలమ్మ కూర్చోలేదు. చివరి మనిషి బయటికి వచ్చేదాకా, బయటి గుంజను రెండు చేతులా కావలించుకుని నిలబడింది.