నలభై ఒకటో స్థానం

నా పాటను మొదటి నలభైలోకి రానివ్వకుండా ఆపినవాడు రికార్డుల దుకాణం విల్ఫ్ బ్లూర్. ముప్పై ఆరేళ్లుగా ఈ మాట చెబుతున్నాను. మా ఊరు లాంగ్టన్‌లో వీధి పిల్లలకు కూడా తెలుసు. ఇన్నాళ్లూ వీధిలో చెప్పిన మాట ఈ ఆదివారం రేడియోలో చెప్పబోతున్నాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఆయన క్లైవ్‌కు తిండి సహించడం లేదు.

నేను అనుమానం మనిషిని. మాంసం కొట్టువాడు తూస్తుంటే మాంసాన్ని చూడను, వాడి బొటనవేలు ఎక్కడుందో చూస్తాను. పుట్టుకతో ఇలా లేను. విల్ఫ్ బ్లూర్ నేర్పాడు.

1988లో నాకు ఇరవై రెండేళ్లు. పింగాణీ ఫ్యాక్టరీలో టీ కప్పుల మీద పూల బొమ్మలు అంటించేదాన్ని, శనివారాలు క్లబ్బుల్లో పాడేదాన్ని. మాంచెస్టర్‌లో ఎవరో చిన్న కంపెనీవాళ్లు విని, నా చేత పాడించి సింగిల్ వేశారు. చిన్న పళ్లెమంత నల్ల రికార్డు, దాని అట్ట మీద నా మొహం, తలకు మించిన జుట్టు. అప్పట్లో ఆదివారం సాయంత్రం అయిందంటే దేశంలో కుర్రకారంతా రేడియోకు అతుక్కుపోయేవారు. ఆ వారం ఎక్కువ అమ్ముడైన పాటల పేర్లు నలభై నుంచి మొదలుపెట్టి ఒకటి దాకా చదివేవారు. నలభైలో పడ్డారా, టీవీవాళ్లు కూడా పిలుస్తారు. నలభై ఒకటిలో పడ్డారా, మీరు పుట్టనట్టే లెక్క.

అయితే అన్ని దుకాణాల అమ్మకాలూ లెక్కలోకి వచ్చేవి కావు. ఎంచిన కొన్ని దుకాణాల్లో బల్ల కింద ఒక యంత్రం పెట్టేవారు. రికార్డు అమ్మినప్పుడల్లా దుకాణదారు దాని నంబరు అందులో నొక్కాలి. ఆ నంబర్లు ఫోను తీగ మీద లండన్ వెళ్లేవి. ఏ దుకాణంలో యంత్రం ఉందన్నది పరమ రహస్యం. అది ఎంత రహస్యమంటే, రికార్డు కంపెనీల ఏజెంట్లు ఏ గుమ్మం ముందు కారు ఆపి కోట్లూ టోపీలూ ఊరికే పంచుతున్నారో చూస్తే చాలు, తెలిసిపోయేది. "మా పాట ఇంకో నాలుగుసార్లు నొక్కు బాబాయ్" అని బతిమాలేవాళ్లు. మా ఊళ్లో ఆ గుమ్మం విల్ఫ్‌ది. ఏడాది పొడుగునా కొత్త కోటు వేసుకునే మనిషిని ఎవరు నమ్ముతారు? పైగా నా రికార్డు తిప్పి చూసి, "గిన్నెలు కడుక్కుంటూ పాడుకోడానికి బానే ఉందమ్మాయ్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

మొదటి వారం నా పాట యాభై ఎనిమిదిలో పడింది. రెండో వారం నలభైలోకి రావడం ఖాయమన్నారు కంపెనీవాళ్లు. ఆ శనివారం క్లైవ్ ఒక పని చేశాడు. అప్పటికి మాకు పెళ్లి కాలేదు, అదే ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పని చేస్తూ నన్ను చూసి చెవులదాకా ఎర్రబడేవాడు. అలాంటివాడు ఫ్యాక్టరీవాళ్లు సముద్రం చూడ్డానికి వెళ్లే బస్సు మాట్లాడి, బట్టీవాళ్లనీ రంగులవాళ్లనీ ప్యాకింగ్ ఆడవాళ్లనీ అందర్నీ ఎక్కించి, విల్ఫ్ దుకాణం ముందు దింపాడు. వరస వీధి చివరి దాకా సాగింది. అందరూ నా రికార్డే కొన్నారు, కొందరైతే రెండేసి. ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి చూస్తూ ఏడ్చేశాను. ఈ మనిషినే చేసుకోవాలని నేను తేల్చుకున్నది అక్కడే.

మర్నాడు రేడియోలో నా పేరు రాలేదు. కంపెనీవాడు ఫోన్ చేసి, నలభై ఒకటి అన్నాడు.

బస్సెడు జనం కొంటే నలభై ఒకటా? ఆలోచించడానికి ఏముంది, విల్ఫ్ నొక్కలేదు. నా నంబరు బదులు కోటు ఇచ్చినవాడి నంబరు నొక్కి ఉంటాడు. సోమవారం మధ్యాహ్నం క్లైవ్‌ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి, కొనేవాళ్లందరి ముందూ దొంగ అన్నాను. విల్ఫ్ నన్ను చూశాడు, క్లైవ్‌ను చూశాడు, నోరు విప్పలేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడులే అనుకున్నాను. తర్వాత కంపెనీవాళ్లు రెండో పాటకు లండన్ రమ్మంటే రానన్నాను. ఎన్ని కప్పులు అంటిస్తే అన్నీ లెక్కకొచ్చే ఫ్యాక్టరీయే మేలు, దొంగలాటలో నేను పాడను అన్నాను. ఆ మాట మీదే ఉండిపోయాను. క్లబ్బుల్లో కూడా మానేశాను.

ఇప్పుడు మా ఊరి రేడియోవాళ్లు ఎనభైల పాటల మీద కార్యక్రమం చేస్తున్నారు. ఫియోనా అనే అమ్మాయి ఫోన్ చేసి, "మీ పాట ఎందుకు ఆగిపోయిందో చెప్తారా గేనర్ గారూ?" అంది. పేరుతో సహా చెప్తానన్నాను.

ఆ సాయంత్రమే క్లైవ్ మొదలుపెట్టాడు. "ఆ ముసలాడు ఇంకెన్నాళ్లుంటాడు గేనర్. వదిలెయ్యరాదూ?"

"నువ్వెప్పట్నుంచి వాడి వకీలువయ్యావు?"

"వకీలూ లేదు పాడూ లేదు. పాతవన్నీ తవ్వితే ఏమొస్తాయి, పురుగులు తప్ప."

"ఎవరి గోతిలో పురుగులున్నాయో తెలుస్తుందిగా."

దాంతో టీ చల్లారేదాకా కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనేమో అని నాకు అప్పుడే తట్టింది. అడక్కుండానే గిన్నెలు కడిగాడు. గురువారం చీజ్ తెస్తానని బజారుకు వెళ్లి చీజ్ లేకుండా వచ్చాడు. ఏమయిందంటే దొరకలేదన్నాడు. మా బజారులో ఇంకేది దొరక్కపోయినా చీజ్ దొరుకుతుంది. విల్ఫ్ దుకాణం ఎప్పుడో మూతబడింది, ఇప్పుడు అదే బజారులో ఓ మూల బల్ల వేసుకుని పాత రికార్డులు అమ్ముకుంటున్నాడు. వీళ్లిద్దరికీ లోపల్లోపల ఏదో ఉంది అనుకున్నాను. ఆ రోజుల్లో వచ్చిన కోట్లలో ఒకటి క్లైవ్‌కు కూడా ముట్టిందా? కట్టుకున్నవాడి మీద అలా అనుకున్నందుకు సిగ్గేసింది కానీ అనుకోవడం మానలేదు.

శనివారం నేనే బజారుకు వెళ్లాను. వెనకనుంచి పొడవడం నాకు చేతకాదు, కొట్టేదేదో చెప్పి కొడతాను. విల్ఫ్ మడత కుర్చీలో కూర్చుని రికార్డుల అట్టలు తుడుస్తున్నాడు. ఎనభై దాటాయి, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయింది.

"రేపు రేడియోలో నీ పేరు చెప్తున్నా విల్ఫ్" అన్నాను. "చెప్పకుండా చేశానని రేపొద్దున అనుకోకు."

"ఏమని చెప్తావమ్మాయ్?"

"నా అమ్మకాలు నొక్కలేదని."

అట్ట పక్కన పెట్టి నావైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "అన్నీ నొక్కాను గేనర్. వేలు నొప్పి పుట్టింది ఆ రోజు. అదే కొంప ముంచింది. క్లైవ్ చెప్పాడుగా నీకు?"

"క్లైవ్ ఏం చెప్పాలి?"

విల్ఫ్ కళ్లజోడు తీసేశాడు. "చెప్పలేదా? ఇన్నేళ్లలోనూ?"

అక్కడున్న పెట్టె మీద కూర్చున్నాను. విల్ఫ్ మెల్లగా చెప్పాడు. ఆ శనివారం సాయంత్రం లెక్కలు చూసే ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసిందట. మిగతా ఊళ్లలో ఒక్కో దుకాణంలో ఆరో ఏడో అమ్ముడైన పాట నీ ఒక్క దుకాణంలో ఇన్ని ఎలా పోయింది, కొన్నదెవరు అని అడిగిందట. అప్పట్లో కంపెనీలు మనుషుల్ని పెట్టి తమ రికార్డులు తామే కొనిపించుకునేవి. అందుకని ఒకే చోట ఎక్కువ పోతే వాళ్లకు వెంటనే అనుమానం వచ్చేదట.

"నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్లతో పనిచేసేవాళ్లమ్మా, ప్రేమకొద్దీ బస్సు కట్టుకుని వచ్చారు అన్నాను. ప్రేమో ఇంకోటో, కట్టగట్టుకుని కొన్నవి మేం లెక్కలో వెయ్యం అంది. నా దుకాణంలో అమ్మినవి మొత్తం కొట్టేసింది. అబద్ధం చెప్పి ఉంటే వచ్చేదేమో. ఆ పూట నాకు అబద్ధం తోచలేదు."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే. నా పాటను ముంచింది మోసం కాదు, క్లైవ్ బస్సు. వారమంతా రోజుకు ఒకరిద్దరు చొప్పున వచ్చి కొన్నా సరిపోయేది. లెక్కలోకి వచ్చే దుకాణం ఇదేనని ఏజెంట్ల నోట విని, అందర్నీ తెచ్చి దాని ముందే దింపాడు.

"సోమవారం పొద్దున నేనింకా తలుపు తీయకముందే క్లైవ్ వచ్చి నిలబడ్డాడు" అన్నాడు విల్ఫ్. "అంతా చెప్పాను. ఏడ్చాడు పాపం. నేనే నా నోటితో చెప్తాను, నువ్వు అనకు విల్ఫ్ అన్నాడు. సరే అన్నాను. మధ్యాహ్నం నువ్వొచ్చి తిట్టావు, ఇంకా చెప్పలేదులే అనుకున్నా. తర్వాత కూడా తిడుతూనే ఉన్నావు. నిజం చెప్పి నీ పాట పోగొట్టానని తిడుతున్నావనుకున్నానమ్మా. అందులో న్యాయముందిలే అని ఊరుకున్నా. మొన్న గురువారం వచ్చి ఇక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఏం కావాలన్నా చెప్పలేదు."

నేను లేచాను. కోపమంతా బస్సు మీదకి వెళ్లింది, దాన్ని ఏం చేస్తాను? విల్ఫ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకో మాట కూడా చెప్పమన్నానే వాణ్ణి. అదీ చెప్పలేదా? మన ఊరి లెక్క మొత్తం తీసేశాక వచ్చింది నలభై ఒకటి. అర్థమైందా? మనవాళ్లు కొన్నది ఒక్కటీ అందులో లేదు. ఎక్కడో ప్లిమత్‌లో, అబర్డీన్‌లో నీ ముక్కూ మొహం తెలియనివాళ్లు విని, నచ్చి కొంటే వచ్చిన స్థానం అది. ఆ పిల్లకి ఈ మాట చెప్పు, రెండో పాట తప్పకుండా పైకి వస్తుంది, లండన్ పంపించు అన్నాను. గిన్నెలు కడుక్కునేవాళ్లు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారనుకున్నావు?"

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. ఇన్నేళ్లూ నా పాట ఎవరికీ పట్టలేదనే అనుకున్నాను. మా వాళ్లు జాలిపడి కొంటే ఆ మాత్రం వచ్చిందని, విల్ఫ్ వాటిలో కొన్ని కొట్టేశాడని అనుకున్నాను. లోకమంతా బొటనవేలు పెట్టి తూస్తుందని నమ్మి, పెనం మీద అట్లు వేసుకుంటూ కూడా గొంతెత్తకుండా బతికాను.

క్లైవ్‌ను ఏమీ అనలేదు. అవకాశం ఇద్దామనుకున్నాను. ఓట్స్ పిండి అట్లలో చీజ్ పెట్టి ముందు పెడుతూ, "రేపు విల్ఫ్ పేరు చెప్పెయ్యనా?" అన్నాను.

అట్టు చుట్ట చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. "నీ ఇష్టం" అన్నాడు చివరికి. నా ఇష్టమట. చేయని తప్పుకు ఒక ముసలివాణ్ణి ఊరి ముందు నిలబెట్టడానికి సిద్ధపడ్డాడు కానీ నోరు తెరవడానికి సిద్ధపడలేదు. బస్సు సంగతిని నేను అప్పటికే క్షమించేశాను. పిచ్చివాడు, ప్రేమకొద్దీ చేశాడు. రెండో మాట ఎందుకు దాచాడన్నదే నన్ను తినేస్తోంది. అదొక్కటీ తెలియాలి.

ఆదివారం ఫియోనా మా ఇద్దర్నీ మైకుల ముందు కూర్చోబెట్టింది. జంటగా వస్తే వినేవాళ్లకు బాగుంటుందంది. పాట వేసింది, జుట్టు గురించి అడిగింది, నవ్వించింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"మీ పాటను దుకాణదారు మోసం చేసి ఆపాడని ఊళ్లో అంటారు. నిజమేనా గేనర్ గారూ?"

"ఊళ్లో అనేది నేనేనమ్మా" అన్నాను. "అబద్ధం. విల్ఫ్ బ్లూర్ ప్రతి రికార్డూ నొక్కాడు. అడిగితే నిజం చెప్పాడు. అతన్ని దొంగన్నాను, క్షమించమంటున్నాను."

పక్కన క్లైవ్ కుర్చీ కిర్రుమంది.

"మరి రెండో పాట ఎందుకు రాలేదు?"

"అది మా ఆయన్ని అడగాలి" అన్నాను. మైకును అతని వైపు తిప్పాను. "క్లైవ్, ఆ సోమవారం విల్ఫ్ నాకు చెప్పమన్న మాట ఏంటి?"

అతను నా మొహం చూశాడు. తెలిసిపోయిందని అర్థమైంది. అబద్ధం ఆడతాడేమోనని అతని నోటినే చూస్తూ కూర్చున్నాను.

"నలభై ఒకటి నీదేనని" అన్నాడు. "మేం కొన్నవి అందులో లేవని. ముక్కూ మొహం తెలియనివాళ్లు కొన్నారని. లండన్ పంపించమని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

రేడియోలో అంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉండకూడదట. ఫియోనా చెయ్యి ఏదో బటన్ మీదకి వెళ్లింది. వద్దని తల ఊపాను.

"చెప్తే వెళ్లిపోయేదానివి" అన్నాడు క్లైవ్.

"వెళ్లేదాన్నే" అన్నాను. "వెళ్లి, వచ్చేదాన్ని."