కత్తెరక్క కోసేసిన పదకొండు సెకన్లు

రేడియో స్టేషన్లో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ కత్తెరక్కే. టేపుల కాలంలో బ్లేడుతో కోసి, జిగురు పట్టీ వేసి, అతుకెక్కడుందో ఆ దేవుడు కూడా కనిపెట్టలేనంత నున్నగా అతికించేది. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, బ్లేడు పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. ఎంత పెద్దమనిషి వచ్చి మాట్లాడినా ఆయన దగ్గులూ, గుటకలూ, "అంటే... అదేంటంటే"లూ అన్నీ ఏరేసి, తలంటు పోసినట్టు శుభ్రం చేసి గాల్లోకి పంపేది. ఎన్నికలప్పుడు మరీనూ. మావాడి దగ్గు ఉంచేసి వాళ్లవాడి దగ్గు తీసేశారని ఒక్కడంటే ఒక్కడు వేలెత్తి చూపలేదు. "ఏ పార్టీ దగ్గయినా దగ్గేనయ్యా, నాకన్నీ ఒకటే" అనేది. కాస్త గర్వంగానే అనేది. అంటే తప్పేముంది, నిజమే కదా.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ స్టేషన్లో ఒక మిషనుంది. ఐదు సెకన్లపాటు ఏ చప్పుడూ వెళ్లకపోతే, ఏదో పాడైపోయిందనుకుని తనంతట తనే పాటలు వేసేస్తుంది. ఒకసారి ఎవరో పెద్దాయన పోతే ఆయన ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. పాటించారు. ఆరో సెకనులో ఈలలూ కేకలతో డాన్సు పాట అందుకుంది. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది, అప్పటి డైరెక్టరుగారు బదిలీ అయి వెళ్లిపోయారు. అప్పట్నించీ ఆ స్టేషన్లో మౌనమంటే అందరికీ హడలు. రికార్డింగులో రెండు సెకన్లకి మించి ఖాళీ కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే పోయి కోసేస్తుంది. అందరికంటే ముందు కత్తెరక్క చెయ్యి పోతుంది.

ఆ ఏడాది ఊరి ఛైర్మన్ పదవికి ముగ్గురు నిలబడ్డారు. ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి చర్చ పెట్టడం, ముప్ఫైమంది శ్రోతల్ని పిలిచి ప్రశ్నలడిగించడం ఆ రేడియోకి ఎప్పట్నించో ఉన్న పద్ధతి. ఆ ముప్ఫై ఆహ్వానపు చీటీల్లో ఒకటి కత్తెరక్క తీసుకెళ్లి మిషనమ్మ చేతిలో పెట్టింది.

మిషనమ్మంటే బస్టాపు పక్కన కుట్టుమిషను పెట్టుకున్నావిడ. కత్తెరక్క బట్టలన్నీ పదేళ్లుగా ఆవిడే కుడుతోంది. కిందిపేటలో ఉంటుంది. వేసవిలో ఆ పేట కుళాయిల్లో పసుపుపచ్చ నీళ్లొచ్చాయి, ఇంటికొకరు చొప్పున మంచం పట్టారు, మిషనమ్మ అత్తగారు పోయింది. ఆ నీళ్లు పనికిరావని పరీక్ష చేసినవాళ్లు ముందే కాగితం రాసి ఛైర్మన్‌కి పంపారని పేటంతా గుసగుసలు. ఆ ఛైర్మనే ఇప్పుడు మళ్లీ నిలబడ్డాడు.

"నాకు భయమక్కా, పెద్దవాళ్ల ముందు నోరు పెగలదు" అంది మిషనమ్మ.

"భయమెందుకే, మాది అందరి రేడియో. నువ్వడుగు, ఆయనేం చెబుతాడో ఊరంతా వింటుంది. నేనున్నాగా" అంది కత్తెరక్క.

మిషనమ్మ వెళ్లింది, అడిగింది. "అయ్యా, మా అత్త పోకముందే ఆ కాగితం సంగతి మీకు తెలుసా, తెలీదా?"

చర్చ జరిగిన హాల్లో కత్తెరక్క లేదు. ఆ రాత్రి తన గదిలో కూర్చుని, సాయంత్రం చేతికందిన రెండు గంటల రికార్డింగుని యాభై నాలుగు నిమిషాలకి కుదిస్తోంది. పొద్దున్న ఏడింటికల్లా అది గాల్లోకి వెళ్లిపోవాలి. తెర మీద గొంతులన్నీ గీతలుగా కనిపిస్తాయి. మాట ఉన్నచోట గీత లేస్తుంది, లేనిచోట చదునుగా పడుకుంటుంది. ఇన్నేళ్ల అనుభవం మీద ఆవిడ ఖాళీల్ని వినడం ఎప్పుడో మానేసింది, చూసి కోసేస్తుంది. ఆ ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఇంత పొడుగున చదునైన గీత కనిపించింది. కోసేసింది. టీ తాగి ఇంటికెళ్లింది.

పొద్దున్న ఇంట్లో వాళ్లాయన రేడియో దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని చర్చ మొత్తం విన్నాడు. చివర్లో తొడ చరిచి, "ఇన్నాళ్లూ ఈ ఛైర్మన్ దొంగవెధవ అనుకున్నాను గానీ, కాదే" అన్నాడు. "ఆవిడ అలా అడిగిందో లేదో, టక్కున చెప్పేశాడు, తెలీదమ్మా అని. మనసులో మచ్చున్నవాడు అంత ఠపీమని చెప్పగలడా? నా ఓటు ఆయనకే."

కత్తెరక్కకి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. టక్కున అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. ఆ పొడుగు గీత కళ్లముందు మెదిలింది.

పరుగుపరుగున స్టేషన్‌కెళ్లి, అసలు రికార్డింగు తెరిచి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. తెలుసా, తెలీదా అన్న ప్రశ్న అయిపోయింది. తర్వాత ఏమీ లేదు. కుర్చీ కిర్రుమంది. ఎవరో మంచినీళ్ల గ్లాసెత్తి, గుటకైనా వేయకుండా కింద పెట్టారు. వెనకెక్కడో ఒకాయన సన్నగా దగ్గాడు. కాగితం మడతపెట్టిన చప్పుడు. ఛైర్మన్ ఊపిరి ఒకసారి పైకొచ్చి ఆగిపోయింది. అప్పుడు, గొంతు బొంగురుపోయి, "తెలీదమ్మా."

పదకొండు సెకన్లు. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ పదకొండే. ఆ పదకొండు సెకన్లూ విన్నవాడెవడైనా, చిన్నపిల్లాడైనా సరే, ఆయనకి తెలుసనే అంటాడు. జవాబంటే అదే. ఆ జవాబుని తను కోసి పారేసి, దాని తోక మాత్రం ఊరికి వినిపించింది. కత్తెరక్కకి తల తీసేసినట్టయింది.

డైరెక్టరుగారి గదిలోకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"మాటేమైనా పోయిందా?"

"లేదు సార్."

"మరింకేం? అభ్యర్థి మాట ఒక్కటీ తీయకూడదని కదా రూలు. మాట్లాడనిదాన్ని తీశామని ఎవరంటారు?"

"తప్పు దిద్దుకుంటూ ఒక ప్రకటన వేద్దాం సార్."

"ఏమని వేస్తాం? ఫలానా అభ్యర్థి పదకొండు సెకన్లు ఏమీ అనలేదు, శ్రోతలు గమనించగలరు అనా? ఓట్లు వారంలో ఉన్నాయమ్మా. ఇప్పుడు కెలికితే మనమేదో ఒక పక్షాన ఉన్నామంటారు. వెళ్లి పని చూసుకోండి."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ గదిలోంచి బయటికొస్తుంటే కత్తెరక్కకి బరువు దిగినట్టనిపించింది. పైవాళ్లు వద్దన్నారు కదా, ఇక నాదేం లేదు అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకుందో లెక్కలేదు.

మూడో రోజు సాయంత్రం మిషనమ్మ ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నిన్నొక మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ రోజు నేనడిగితే ఛైర్మన్‌గారికి నోట మాట రాలేదు. చాలాసేపు అలా గుడ్లప్పగించి కూర్చున్నాడు. నేను కళ్లారా చూశాను. ఇంటికెళ్లి పేటంతా టాంటాం చేశాను, పొద్దున్న రేడియోలో వినండి, ఆయన బండారం బయటపడుతుందని. పాతికమంది నా కొట్టు ముందు కూర్చుని విన్నారు. తీరా చూస్తే టక్కున చెప్పేశాడు." ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. "అందరూ నవ్వారక్కా. పోయిన అత్త పేరు చెప్పుకుని అబద్ధాలాడుతోందన్నారు. మా ఆయన కూడా మొహం తిప్పుకుని పోతున్నాడు. నాకేమన్నా మతి పోయిందా? ఆయన ఆగలేదా?"

కత్తెరక్క వెనక, గదిలో, వాళ్లాయన పేపరు తిప్పుతున్నాడు. చెప్పేయాల్సింది. ఒక్క ముక్క, నేనే కోశానే అంటే సరిపోయేది. ఆ ముక్క నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అది వింటే ఈ పిల్ల మొహం ఎలా మారిపోతుందో తలుచుకునేసరికి దాన్ని మింగేసింది. ఇరవై ఎనిమిదేళ్ల మంచిపేరు ఆ గుమ్మంలోనే పోతుందనిపించింది.

"కొత్తచోటు, పెద్దవాళ్ల ముందు... ఆ కంగారులో నీకలా అనిపించి ఉంటుందిలేవే" అంది.

మిషనమ్మ నమ్మేసింది. అదీ ఘోరం, ఇంకో మాట లేకుండా నమ్మేసింది!

"అంతేనంటావా? నువ్వన్నావంటే అంతేలే అక్కా. రోజూ వాటి మధ్యే ఉండేదానివి." కళ్లు తుడుచుకుని, నవ్వడానికి చూసి, వెళ్లిపోయింది.

కోసింది పొరపాటు. చెప్పింది మాత్రం పచ్చి అబద్ధం, అదీ తనని నమ్మి వచ్చినదానితో. కత్తెరక్కకి ఆ పూట కూడు సయించలేదు. అద్దంలో మొహం చూసుకోవడానికి మొహం చెల్లలేదు. బస్టాపు మీంచి వెళ్లాల్సివస్తుందని మర్నాటినుంచి సందుల్లోంచి చుట్టూ తిరిగి పనికెళ్లింది.

పోలింగుకి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం, చర్చ మీద శ్రోతలు ఫోన్లో మాట్లాడే కార్యక్రమం పెట్టారు. రికార్డింగు కాదు, అప్పటికప్పుడు గాల్లోకి పోయేది. కత్తెరక్కని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరు, ఏం మాట్లాడతారు కనుక్కుని, అద్దం అవతలున్న అనౌన్సరుకి లైను కలపడం పని. ఆరో ఫోను మోగింది.

"అక్కా, నువ్వేనా! పోనీలే, నువ్వే ఎత్తావు" అంది మిషనమ్మ. "ఛైర్మన్‌గారికి క్షమాపణ చెప్పుకుంటాను, కలుపు."

కత్తెరక్క గొంతు తగ్గించింది. "వద్దులేవే, ఎందుకిప్పుడు, జనం మర్చిపోతారు."

"మర్చిపోరక్కా. అబద్ధాలకోరు అని నా మొహం మీదే అంటున్నారు. పొరపాటు పడ్డానని అందరి ముందూ ఒప్పుకుంటే ఆ ఒక్క పేరన్నా పోతుంది కదా. కొట్టు దగ్గరికి మనుషులే రావట్లేదు. పొరపాటంటే సరిపెట్టుకుంటారు."

లైను తెగిపోయిందని చెప్పేస్తే సరిపోయేది. బొత్తాం వేలి కిందే ఉంది, నొక్కితే ఎవడికీ తెలీదు. ఇంకోసారి కోయడం ఆవిడకేమంత పని! వేలు ఆ బొత్తాం మీద ఆనింది కూడా. మరుక్షణం చెయ్యి వెనక్కి లాక్కుని, లైను కలిపేసింది.

మిషనమ్మ గొంతు స్పీకర్లోంచి వచ్చింది. "అందరికీ నమస్కారమండీ. నీళ్ల గురించి అడిగింది నేనే. ఛైర్మన్‌గారు జవాబు చెప్పలేక ఆగిపోయారని నేనన్నది తప్పు. కావాలని అనలేదు. నా చెవులే నన్ను మోసం చేశాయి. రేడియోలో పనిచేసే మా అక్క కూడా అదే చెప్పింది. అయ్యగారు పెద్దమనసుతో నన్ను..."

కత్తెరక్క లేచింది. ఎప్పుడు లేచిందో, ఆ బరువైన తలుపు ఎలా నెట్టిందో ఆవిడకే గుర్తులేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా ఆవిడ గొంతు గాల్లోకి పోలేదు. అనౌన్సరు నోరు తెరుచుకుని చూస్తుండగా రెండో మైకు ముందు కూర్చుంది.

"నన్ను కత్తెరక్క అంటారు. ఈ రేడియోలో కోసే పని నాది" అంది. గొంతు కీచుగా వచ్చింది. "ఆవిడ చెవులు సరిగ్గానే విన్నాయి. ఛైర్మన్‌గారు పదకొండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాతే తెలీదన్నారు. ఆ పదకొండు సెకన్లూ కోసేసింది నేను. అలవాటు కొద్దీ, వినకుండా కోశాను. అసలు రికార్డింగు ఇక్కడే ఉంది. ఆవిడ మా ఇంటికొచ్చి అడిగితే, నీకలా అనిపించిందేమో అని అబద్ధం చెప్పిందీ నేనే."

అద్దం అవతల డైరెక్టరుగారు చేతులు ఊపేస్తున్నారు. అనౌన్సరు ఆయన్నీ చూసింది, కత్తెరక్కనీ చూసింది, మైకు ఆపే బొత్తాం మీద చెయ్యి మాత్రం వేయలేదు. లైన్లో మిషనమ్మ ఊపిరి వినిపిస్తోంది.

"అక్కా" అంది చివరికి. "నేను ఇంటికొచ్చిన రోజు ఇదంతా నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"ఇప్పుడు వేయట్లేదా?"

"వేస్తోంది. చచ్చిపోవాలన్నంత వేస్తోందే." ఊరంతా వింటోందని తెలిసీ కత్తెరక్క ఏడ్చేసింది.

మిషనమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. అవతల ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు, కుర్చీలు జరుపుతున్నారు, కొట్టు ముందు జనం మూగినట్టుంది. ఆవిడ వాళ్లని ఉష్ అంది.

"ఇంకోసారి చెప్పక్కా" అంది మళ్లీ ఫోన్లోకి. "మా ఆయన ఇప్పుడే వచ్చాడు, అతను వినలేదు. మొదట్నించి చెప్పు."

కత్తెరక్క కళ్లు తుడుచుకుని మొదట్నించి చెప్పింది.