అరవై రెండో పేజీ

ప్రభువు రెండో రాకడ తేదీని ఇప్పటికి నాలుగుసార్లు దిద్దాను నేను. నలుగురు ప్రవక్తలు చెప్పినవి కావు, ఒక్కాయన చెప్పినవే.

మొదటి తేదీ దాటిపోయాక, లెక్క సరైనదే కానీ పాతకాలపు రాజులెవరో క్యాలెండరు చెడగొట్టారన్నాడు. రెండోది దాటాక, విశ్వాసుల ప్రార్థనలు విని ప్రభువు గడువు పెంచాడన్నాడు. మూడోది దాటాక, వచ్చాడు కానీ కంటికి కనబడకుండా వచ్చి వెళ్లాడన్నాడు. మా కరెంటు మీటరు చూసేవాడు నయం, ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకి చీటీ అంటించి పోతాడు. నాలుగో తేదీ మొన్న గడిచిన నెల ఇరవై ఎనిమిది. నేను చెప్పబోయేది దాని సంగతే.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ, అదే ఎర్ర పెన్ను. శుభలేఖలు, బడి పుస్తకాలు, మందు డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు, అన్నీ నా కళ్ల ముందు నుంచే పోతాయి. వాటన్నిటిలోకీ నా ఒళ్లు మండించేది 'కడవరి గడియ' అని ఏటా వచ్చే పుస్తకం. రాసేవాడు ఒక బోధకుడు. ఊళ్లో వాళ్లు అయ్యగారంటారు. నేను మనసులో తేదీలాయన అనుకుంటాను.

'ఉత్తర దేశమున అధికారములో నున్నవాడు తడబడును' అని ప్రతి ఏడూ రాస్తాడు. అధికారంలో ఉన్నవాడు తడబడని ఏడు ఏదో చెప్పమనండి చూద్దాం. లోకాంతానికి ముందు వస్తుందనే మృగం గుర్తు ఒక ఏడు సబ్బు పెట్టె మీద గీతల్లో ఉంటుంది, మరుసటి ఏడు బ్యాంకు కార్డులో, ఆ పై ఏడు ఫోనులో. పాపం ఆ మృగానికి ఎక్కడా నిలకడ లేదు.

ఆయనకి బాగా పేరు తెచ్చింది మాత్రం వంతెన. మూడేళ్ల కిందట ఊరి చివర పాత వంతెన కూలింది. అప్పటికి ఆయన పుస్తకం అచ్చయి ఏడు నెలలు, అందులో వంతెన ఊసే లేదు. కూలిన మూడో వారంలో మళ్లీ అచ్చు వేయమని వచ్చాడు. పద్దెనిమిదో పేజీలో కొత్తగా ఒక పేరా చేరింది: 'ఇదిగో, నదికి అడ్డముగా నున్నది నీళ్లపాలగును.' ముద్రణ వివరాల పేజీలో మాత్రం పాత తేదీయే ఉంచమన్నాడు.

"రెండో ముద్రణ అని వెయ్యాలండీ" అన్నాను.

"వాక్యానికి మొదటిదీ రెండోదీ ఉండదమ్మా" అన్నాడు చిరునవ్వుతో. మా యజమాని నా వంక ఉరిమి చూశాడు. అలాగే వేశాం. ఆ రోజు నుంచి నాకు వేల ఏళ్ల నాటి ప్రవచనాల మీద కూడా అనుమానమే. రాజుల యుద్ధాలన్నీ వరస తప్పకుండా ముందే చెప్పారంటే, వెనక ఎక్కడో నాలాంటిది ఒకతి కూర్చుని తేదీ సర్దే ఉంటుంది.

ఇదంతా మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర నవ్వుకునే సంగతిగానే ఉండేది, మా చెల్లికి ఎడమ రొమ్ములో గడ్డ కనబడేదాకా.

అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్లు. జడలు వేసింది నేను, అక్షరాలు దిద్దించింది నేను, పెళ్లి చేసి పంపింది నేను. ఇంట్లోనే బడిపిల్లల చొక్కాలు కుడుతుంది. మా మరిది బస్సు నడుపుతాడు. ఎనిమిదేళ్లుగా అది తేదీలాయన సంఘంలో ఉంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ప్రస్తుతానికి గడ్డ ఒక్కచోటే ఉంది. పంతొమ్మిదో తారీకున తీసేద్దాం. వాయిదా వేస్తే ఒళ్లంతా పాకుతుంది, అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు" అని కచ్చితంగా చెప్పింది. సరేనని తలూపి వచ్చిన మనిషి, ఆదివారం ప్రార్థన అయ్యాక అడ్డం తిరిగింది. తేదీలాయన దాని తల మీద చెయ్యి పెట్టి, "కత్తి నిన్ను ముట్టదు" అన్నాడట.

ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది. మా ప్రెస్సులో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ ఒకటి తేదీ ముద్ర కొట్టి బీరువాలో ఉంచుతాం, రేపు ఎవరైనా గొడవకొస్తే చూపించడానికి. ఆఫీసు కాపీ అంటాం. వంతెన లేని కాపీనీ, వంతెన చేరిన కాపీనీ సంచిలో వేసుకుని, మర్నాడు పొద్దున్నే చెల్లి ఇంటికి వెళ్లాను.

అది కుట్టుమిషను ముందు కూర్చుని కాలర్లు వేస్తోంది. ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా మొహం చిట్లిస్తోంది. పుస్తకాలు రెండూ దాని ఒళ్లో పడేశాను.

"పద్దెనిమిదో పేజీ తియ్యి. దీంట్లో వంతెన ఉందా? లేదు. ఇందులో? ఉంది. ఇది కూలకముందు వేసింది, ఇది కూలాక వేసింది. ముద్ర చూసుకో, మా ముద్రే. జరిగాక రాసి, జరగకముందే చెప్పానంటున్నాడే మీ అయ్యగారు. అలాంటివాడి మాట పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

అది రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని నిదానంగా చదివింది. వేలు పెట్టి లైను లైనూ చూసింది. నాకు ఆశ పుట్టింది.

"అయ్యగారు ముందే రాసిచ్చుంటారక్కా" అంది చివరికి. "నువ్వే జారవిడిచి ఉంటావు."

"ఏంటీ? నేనా?"

"మనిషన్నాక పొరపాటు పడమా? రెండోసారి ఆయన చూసుకుని వేయించుకున్నారు. నిన్ను ఒక్క మాటైనా అన్నారా? అదీ ఆయన మంచితనం."

ఇరవై ఆరేళ్లలో ఒక్క లైను జారవిడిచిన పాపాన పోలేదు నేను. చేతిలో ఉన్న సంచి నేలకేసి కొట్టాను. గుమ్మంలో బూట్లు కట్టుకుంటున్న మా మరిది, "నేనూ చెప్పి చూశాను వదినా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఇరవై ఎనిమిదిన ప్రభువే వస్తుంటే, పంతొమ్మిదిన నేను ఒళ్లు కోయించుకోవడం ఏంటక్కా? నాకంత మాత్రం నమ్మకం లేదా?" అంది చెల్లి, మళ్లీ గుడ్డ అందుకుంటూ. "ఆపరేషన్ చేయించుకోమని ఆయన పుస్తకంలో ఎక్కడైనా ఉందా? చూపించు, ఇప్పుడే వస్తా."

దాన్ని చెంపదెబ్బ కొట్టాలనిపించింది. దాన్ని పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయకుండా బయటికి వచ్చేశాను.

ప్రెస్సుకి వెళ్లేసరికి నా బల్ల మీద ఈ ఏటి 'కడవరి గడియ' ప్రూఫు ఉంది. అరవై నాలుగు పేజీలు, పదహారేసి పేజీల ఫారాలు నాలుగు. పన్నెండో తారీకున వాళ్ల మహాసభ, ఆ లోపల పుస్తకం చేతికి రావాలి. పెన్ను తీసుకుని కూర్చున్నాను. తప్పులు మామూలుగానే కోకొల్లలు. దిద్దుకుంటూ అరవై రెండో పేజీకి వచ్చేసరికి అధ్యాయం అయిపోయింది. కింద నాలుగు లైన్ల చోటు ఖాళీగా ఉంది.

నా పెన్ను అక్కడ ఆగింది. చెల్లి అన్న మాట చెవిలో అలాగే ఉంది.

మా దగ్గర ఒక పద్ధతి. ప్రతి ఫారమూ పుస్తకం తాలూకు మనిషి చదువుకుని, 'అచ్చు వేయవచ్చు' అని సంతకం పెడితేనే మిషను ఎక్కుతుంది. తేదీలాయన మాత్రం కుర్చీలో కూర్చోను కూడా కూర్చోడు. నిలబడి నాలుగు సంతకాలూ బరికేసి, "వాక్యంలో తప్పులుండవమ్మా" అంటాడు. ఎందుకుంటాయి, ఏటా నూటయాభై నేను ఏరి పారేస్తుంటే! రెండేళ్ల కిందట పేజీలు తారుమారైన ఫారం మీద కూడా సంతకం పెట్టి పోయాడు మహానుభావుడు.

ఆయన భాష నాకు కంఠతా వచ్చు. 'ఇదిగో'తో మొదలవ్వాలి. ఎవరినో ఒకరిని కుమారీ అనాలి. ఒక మాట రెండుసార్లు చెప్పాలి. ఖాళీ చోటులో ఎర్ర సిరాతో రాశాను: 'ఇదిగో, నా కుమారీ, కత్తికి భయపడకుము, భయపడకుము. వైద్యుని చేతిని పట్టుకొనునది నా చేయి. నీ ఎడమ ప్రక్కనున్న శ్రమను నేనెరుగుదును. పంతొమ్మిదవ దినము దాటనియ్యకుము.'

చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. తెలిసిన సంగతిని ముందే చెప్పినట్టు అతికించడం, ఆ వంతెన మోసమే ఇది కూడా. పైగా తేదీ ఒకటి! పంతొమ్మిది కొట్టేసి 'ఆలస్యము చేయకుము' అని మార్చాను. ముల్లును ముల్లుతోనే తీయాలి అని సర్దిచెప్పుకుని ఫారం కంపోజింగుకి పంపేశాను. ఎర్ర సిరాతో ఏముంటే అది ఎక్కించేస్తారు, ఎవరూ అడగరు.

ఎనిమిదో తారీకున తేదీలాయన వచ్చాడు. నాలుగు ఫారాలూ బల్ల మీద పరిచాను. మొదటి మూడింటి మీదా చకచకా సంతకాలు పెట్టాడు. నాలుగోది మాత్రం చేతిలోకి తీసుకుని, జీవితంలో మొదటిసారి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. దొరికిపోతే నా ఉద్యోగం పోతే పోనీ, చెల్లి గతేంటి? అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు దాటించి అరవై నాలుగు దగ్గర ఆగాడు. అక్కడ ఆయన ఫొటో ఉంది.

"మొహం ఇంకాస్త తెల్లగా రావాలమ్మా" అని సంతకం పెట్టాడు.

పదమూడో తారీకు పొద్దున చెల్లి ప్రెస్సుకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. చేతిలో కొత్త పుస్తకం, కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"అరవై రెండో పేజీ నువ్వు చదివావా అక్కా?"

"చదివాను."

"చదివీ నాకు చెప్పలేదేం?"

"నా మాట నువ్వు ఏనాడు విన్నావని?"

"ఎడమ ప్రక్క అని ఉందక్కా! గడ్డ ఎడమ వైపని అయ్యగారికి నేను చెప్పనే లేదు, సిగ్గేసి. ఆయనకెలా తెలుస్తుంది చెప్పు?"

"మరి కత్తి నిన్ను ముట్టదన్నాడుగా?" అన్నాను. నోటి దురద, ఊరుకోలేను.

"నీకు అర్థం కాదులే. కత్తి పట్టుకున్న చెయ్యి ఆయనదే అయితే ఇంక కత్తి ముట్టడమేంటి?" అంది కళ్లు తుడుచుకుంటూ. చూశారా, అతుకు ఎంత చక్కగా కుదిరిందో! ఈ విద్య వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పంతొమ్మిదిన ఆపరేషన్ జరిగింది. నాలుగు గంటలు వరండాలో బెంచీ మీద మా మరిదీ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండా కూర్చున్నాం. డాక్టరమ్మ బయటికి వచ్చి గడ్డ మొత్తం తీసేశామంది. మూడు వారాలకొకటి చొప్పున ఆరు ఇంజక్షన్లు ఉన్నాయనీ, ఒక్కటి మానేసినా చేసిందంతా వృథా అనీ చెప్పింది.

ఇరవై ఎనిమిదో తారీకు కూడా వచ్చింది, పోయింది. ఆ రోజు చెల్లి దగ్గరికి వచ్చింది కట్టు మార్చే నర్సు ఒక్కతే. సంఘంలో ఒక్కరు కూడా కిమ్మనలేదు.

వారం తిరక్కుండా తేదీలాయన ప్రెస్సులో ప్రత్యక్షమయ్యాడు. తేదీ మార్చి రెండో ముద్రణ వేయాలట, అరవై రెండో పేజీ చివరి మాటలు పెద్ద అక్షరాల్లో రావాలట. "అది చదివి ఎంతమంది ఏడుస్తున్నారో అమ్మా! ఎప్పుడు రాశానో నాకే గుర్తు లేదు. రాసింది నేను కాదు, నా చేత రాయించినవాడు వేరే ఉన్నాడు" అన్నాడు, పైకప్పు వంక చూస్తూ. ఆయన అబద్ధమాడుతున్నాడని కూడా నేను అనుకోను. తన పుస్తకం తాను చదవని మనిషికి అందులో ఏది తనదో ఎలా తెలుస్తుంది?

మొదటి ఇంజక్షన్ రోజు చెల్లిని నేనే తీసుకెళ్లాను. పేరు పిలిచేదాకా గోడ వారగా కుర్చీల్లో కూర్చున్నాం. సూదుల వల్ల జుట్టు ఊడుతుందని ముందు రోజే ఎవరో చెప్పారట, అది వణికిపోతోంది. ఒళ్లో పుస్తకం, అరవై రెండో పేజీలో వేలు.

"భయమేస్తోందక్కా. ఇంటికెళ్లిపోదామా?"

"నోర్ముయ్. వచ్చాక వెళ్లడమేంటి?"

"అయితే ఒక్కటి చెప్పు. ఇన్నేళ్లూ వెక్కిరించావు. ఈ మాట ఎవరిది? నిజం చెప్పు, లోపలికి వెళ్తా."

నాది. నాలుక చివర ఉంది ఆ మాట. నా ఎర్ర సిరా, నా చేతిరాత, బీరువాలో ప్రూఫు కూడా ఉంది. ఒక్క మాట అంటే ఎనిమిదేళ్ల భ్రమ కుప్పకూలుతుంది. దాంతోపాటు చెల్లి ఆ కుర్చీలోంచి లేచి, తిన్నగా ఇంటికి నడుస్తుంది. ఇంకా ఆరు సూదులు ఉన్నాయి. ఎవరి ముందూ నోరు కట్టుకోని దాన్ని, మింగేశాను.

"దేవుడిదే" అన్నాను.

"ఆమెన్ అను."

"ఆమెన్."

చెల్లి మొహం వెలిగిపోయింది. వణుకు ఆగింది. లోపలి నుంచి పిలిస్తే లేచి, పుస్తకం నా చేతిలో పెట్టింది.

"చూశావా? ఏదో ఒకనాడు నీ నోట ఆమెన్ వస్తుందని అయ్యగారు నాకెప్పుడో చెప్పారు" అని, నవ్వుకుంటూ ఇంజక్షన్ గదిలోకి వెళ్లింది.