రేపటి సభలో నూట పది గ్లాసులు

నాకు కోపం ఎక్కువని పురానాపూల్‌లో మా పాలు పోయించుకునే ప్రతి ఇంటికీ తెలుసు. నీళ్ళు కలిపావా అని ఎవరైనా అడిగితే మరుసటి రోజు ఆ గడప తొక్కేదాన్ని కాదు. మా ఆయన బీరయ్య వెళ్ళి బతిమాలుకుని వచ్చేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నా వెనక వచ్చి సర్దిచెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే మొన్న ఆదివారం రేపటి సభలో జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. ఎవరికి కష్టంగా ఉన్నా నాకు పట్టదు.

రేపటి సభ అంటే సైన్స్ ఫిక్షన్ సభ. పాతబస్తీలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ అలాంటి కథలు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు ఏడాదికోసారి కలుస్తారు. 1996లో మా బర్రెల కొట్టం ముందు, అరుగు మీద మొదలైంది. అప్పుడు ముగ్గురే. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, పసుపు హోల్‌సేల్ చేసే పురుషోత్తం సేటు, బస్సు డిపోలో గుమాస్తాగా చేసిన గోవర్ధన్ అన్న, మా బీరయ్య. సేటు దుకాణానికి పొట్లాల కోసం పాత పత్రికలు మూటలకొద్దీ వచ్చేవి. చంద్రుడి మీద కాపురాలు, మాట్లాడే యంత్రాలు ఉన్న కథలు కనబడితే సేటు తీసి పక్కన పెట్టేవాడు. మా ఆయన వాటిని ఇంటికి తెచ్చి, నేను పాలు పిండుతుంటే పక్కన కూర్చుని పైకి చదివేవాడు. వాళ్ళు ముగ్గురూ చదివినవన్నీ నేనూ విన్నాను. నన్ను లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

సభకు కొన్ని కట్టుబాట్లున్నాయి. ఎదురుపడితే నమస్తే అనరు. "రేపు బాగుందా?" అని ఒకరంటే, "చూసొచ్చి చెప్త" అని రెండోవాళ్ళు అనాలి. వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు, రేపటి నుంచి ఎవరైనా వస్తే కూర్చోవడానికట. చాయ్ గాజు గ్లాసుల్లోనే ఇవ్వాలి, కాగితం కప్పులు పనికిరావు. ఈ ఆఖరుది పెట్టినవాళ్ళు ఎన్నడూ గ్లాసు కడిగినవాళ్ళు కాదని వేరే చెప్పాలా?

వీటన్నిటికంటే పెద్దది చీటీల క్యాను. ఇరవై ఏళ్ళ తరువాత లోకంలో ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద రాస్తారు. కాగితం మాత్రం ఎప్పుడూ సేటు దుకాణం బిల్లుదే, వెనకవైపు. మొదటి ఏడాది ఊరికే దొరికిందని వాడారు, తరువాత అదే ఆనవాయితీ అయింది. చీటీలన్నీ మా పాల క్యానులో వేసి, మూతకు లక్క పోసి, ఇరవై ఏళ్ళకు తెరుస్తారు. అప్పటిదాకా ఎవరేం రాశారో బయటికి చెప్పకూడదు. తెరిచాక ముందు చీటీ చదవాలి, తరువాతే పేరు. చెప్పింది జరిగి ఉంటే ఆ మనిషి ఖాళీ కుర్చీలో కూర్చోవాలి. తప్పైతే ఆ రోజు సభలో చాయ్ తాగిన గ్లాసులన్నీ కడగాలి.

వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! నిరుటికి తొమ్మిది క్యాన్లు తెరిచారు. ఒక్కరిదీ నిజం కాలేదు. తప్పు చెప్పినవాళ్ళు తొట్టి దగ్గరికి వచ్చి, చొక్కా చేతులు మడిచి, తలా రెండు గ్లాసులు నీళ్ళలో ముంచి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. మిగిలిన వంద నేను కడిగాను. క్యాన్లు తెరవడం మొదలుకాకముందు ఎవరు కడిగారంటారా? అప్పుడూ నేనే.

2005లో మా కొట్టంలో బర్రెలకు గాలికుంటు రోగం వచ్చింది. ఒక బర్రె నోట సొంగ కారుస్తూ కనబడింది, మూడో రోజుకు వరుసంతా మేత మానేసింది. పక్క కొట్టంవాళ్ళు మా దూడను వాళ్ళ గోడ పక్క నుంచి కూడా నడవనివ్వలేదు. వారం రోజులు ఆ వాసనలో తిరుగుతూ ఒకటే ఆలోచించాను, ఇలాంటిది మనుషులకు వస్తే ఎట్లా ఉంటుందని. ఆ ఏడాది సభలో నేనూ ఒక కాగితం అడిగాను. "నీకెందుకు చెల్లె గివన్ని, చాయ్ సంగతి చూడు" అన్నాడు సేటు. మా ఆయన బిల్లు పుస్తకం నుంచి ఒక కాగితం చింపి నా చేతిలో పెట్టాడు. నేను రాస్తుంటే భుజం మీదుగా చదివాడు. కింద యశోద అని సంతకం చేసి, నా చేత్తో నేనే క్యానులో వేశాను. ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మొన్న తెరవాల్సింది ఆ క్యానునే. ఇది ముప్పయ్యో సభ కాబట్టి శాలిబండలో ఫంక్షన్ హాలు తీసుకున్నారు. బీరయ్య పోయాక క్యాన్లన్నీ సేటు గోదాములోనే ఉంటున్నాయి. కొట్టంలో తేమ ఎక్కువని ఆయనే ఆటో పంపించి తీసుకుపోయాడు. హాలు గుమ్మంలో సభ చరిత్ర అని రంగుల పుస్తకం పంచుతున్నారు. తిరగేశాను. సేటు ఫోటోలు పదకొండు. ఆఖరి పేజీలో, మైకు సెట్టువాడి పేరు కింద, "తేనీటి సేవ: శ్రీమతి బీరయ్య" అని ఉంది. ముప్పై ఏళ్ళు చాయ్ పోస్తే నాకొక పేరుందని కూడా వీళ్ళకు గుర్తు రాలేదు. అప్పుడే నా తల వేడెక్కడం మొదలైంది.

గోవర్ధన్ అన్న లక్క పగలగొట్టి చీటీలు లెక్కపెట్టాడు. ఆయన నోటుబుక్కులో ముప్పై ఒకటి అని ఉంది. చేతిలో ముప్పై ఉన్నాయి.

"ఒకటి తక్కువొస్తుంది సేటూ" అన్నాడు.

"ఎలుకలు కొట్టినయేమో. కానియ్యి, టైం అయితుంది" అన్నాడు సేటు.

లక్క పోసిన క్యానులో ఎలుక ఎటు నుంచి దూరింది? అడుగుదామనుకున్నాను. చేతిలో చాయ్ కెటిల్ ఉంది, ఊరుకున్నాను.

చీటీలు చదువుతున్నారు. గోళీ మింగితే ఎక్కాలు వచ్చేస్తాయని ఒకరు, చార్మినార్ చుట్టూ ఎగిరే ఆటోలు తిరుగుతాయని ఒకరు రాశారు. హాలంతా నవ్వులు. ఇరవయ్యో చీటీనో, ఆ తరువాతదో తీసి గోవర్ధన్ అన్న చదవడం మొదలుపెట్టాడు.

"గాలికుంటు లాంటి రోగం మనుషులకు వస్తది. ఒకరి ఊపిరి నుంచి ఒకరికి అంటుకుంటది. మనుషులు మూతికి చిక్కం కట్టుకుని తిరుగుతరు. పాల ప్యాకెట్‌ను సబ్బు పెట్టి కడుగుతరు. చుట్టాలు వాకిట్లనే నిలబడి మాట్లాడి పోతరు. బర్రెలు మాత్రం చిక్కం లేకుండ రోడ్డు నడుమ నడుస్తయి."

హాలులో నవ్వులు ఆగిపోయాయి. నాలుగేళ్ళ కింద ఆస్పత్రి గేటు దగ్గర మా ఆయన మూతికి గుడ్డ సర్దుతుంటే, ఆయాసపడుతూనే, "నీ చిక్కమే గదనే" అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అది. లోపలికి నన్ను రానివ్వలేదు.

గోవర్ధన్ అన్న చీటీ కిందికి చూశాడు. "పేరు... పురుషోత్తం."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ఈలలు కూడా వేశారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒకరిది నిజమైంది కదా! సేటు రెండు చేతులూ జోడించి, మెల్లగా ఖాళీ కుర్చీ వైపు నడిచాడు. మైకు అందుకుని, "ఏదో, గట్ల మనసుకు తోచింది రాసిన" అన్నాడు.

కెటిల్ కింద పెట్టాను. పెట్టడం కాదు, పడేశాను.

"సేటూ, చిక్కం అంటే ఏంది?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మాస్కు యశోదమ్మా. మూతికి కట్టుకునే గుడ్డ."

"గుడ్డ గాదు. తాళ్ళతోటి అల్లే జాలి. దూడ మన్ను తినకుంట మూతికి కడతం. జిందగీల ఒక్క దూడకన్న కట్టినవా నువ్వు? గది నా చీటీ. నేను రాసిన."

ముందు వరుసలో ఎవరో "ఏంది లొల్లి, తర్వాత మాట్లాడుకోండ్రి" అన్నారు. గోవర్ధన్ అన్న చీటీ వంక చూసి, నా వంక చూసి, "చేతిరాత సేటుదే ఉంది చెల్లె" అన్నాడు ఇబ్బందిగా. సేటు జాలిగా తల ఊపాడు. బీరయ్య పోయిన దగ్గర నుంచి ఆమెకు మనసు బాగుండటం లేదని మైకులోనే చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు ఆయన్ను ఆ కుర్చీతో సహా మూసీలో వేయాలనిపించింది.

చదివిన చీటీ చేతులు మారుతూ హాలంతా తిరగాలి, అదీ కట్టుబాటే. అలా అది నందిని చేతికి వచ్చింది. ఇక్కడే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, ఐదేళ్ళుగా సభకు వస్తోంది. ఆ పిల్ల చీటీని ముందు చదివింది. తరువాత వెనక్కి తిప్పి చూసింది.

"యశోదక్కా, గిది చూడు" అంది. "బిల్లు మీద స్కానర్ ఉంది."

నిజంగానే ఉంది. ఇప్పుడు ప్రతి బండి మీదా అంటించుకుంటున్నారే, డబ్బులు పంపడానికి ఫోనుతో చూపించే నల్ల గళ్ళ చదరం, అది. నందిని తన ఫోను దాని మీద పెట్టింది. వెనక వరుసలకు వినబడేలా చెప్పింది. "మనీష్ ట్రేడర్స్‌కు ఎంత పంపాలె అని అడుగుతుంది."

మనీష్ అంటే మన సేటు కొడుకు. ఇప్పుడు దుకాణం చూసుకునేది అతనే.

"అడ్రస్ కింద తెలంగాణ అని గూడ అచ్చేసి ఉంది" అంది నందిని. "2005ల మనకు రాష్ట్రమే రాలేదు."

కాలంలో ముందుకీ వెనక్కీ ప్రయాణం చేసే కథలు వందలు చదివిన మనుషులు వాళ్ళు. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, చీటీ రాయాలనగానే సేటు గల్లా పక్కనున్న బిల్లు పుస్తకం మీద చెయ్యి వేసి ఉంటాడు. దొంగ చీటీ రాసేటప్పుడు కూడా కట్టుబాటు తప్పలేదు మహానుభావుడు.

సేటు కుర్చీ నుంచి లేచాడు. "తడిసి అక్షరాలు పోతున్నయని ఎత్తి రాసిన, అంతే" అన్నాడు.

"అక్షరాలు పోతే ఎత్తి రాసినవు. మరి పేరెందుకు మారింది?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "ముప్పై ఏండ్లకు ఒక్కటి నిజమైంది చెల్లె. అది చాయ్ పోసేటామె రాసిందంటే పేపరోళ్ళు నవ్వరా? సభ ఇజ్జత్ కోసమే చేసిన. నా కోసం గాదు."

"నా చీటీ ఏది?"

"పురానాపూల్ మీది నుంచి మూసీల పారేసిన."

"నీ సొంత చీటీ?"

"అది గూడ" అన్నాడు. ఆయనది తప్పయిందన్నమాట. గోదాములో లక్క పగలగొట్టి, రెండు తీసి ఒకటి పెట్టి, మళ్ళీ లక్క పోశాడు, అందుకే ముప్పై ఒకటి ముప్పై అయ్యాయి.

గోవర్ధన్ అన్న నా దగ్గరికి వచ్చి, "అయిందేదో అయింది. రా, కుర్చీల కూసో. నీదే గద" అన్నాడు. ఆ సర్దుబాటు గొంతు విన్నాక నాకు ఇంకా మండింది.

"మీరందరు లేచి చప్పట్లు కొట్టినరు" అన్నాను. "దేనికి కొట్టినరు? గా చీటీ నిజమైనందుకే నా పెనిమిటి పోయిండు. గీ సభ పెట్టినోళ్ళల్ల ఒకడాయన. ఒక్కరికన్న యాదికొచ్చిండా?"

నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. సంతోషం కలగలేదు. వెనక నుంచి ఎవరో పాత అలవాటున, "యశోదమ్మా, ఇంకో చాయ్" అని పిలిచి, నాలుక కరుచుకున్నారు.

"చాయ్ మీరే పోసుకోండ్రి" అన్నాను. "సేటూ, తప్పు చెప్పినోళ్ళు గ్లాసులు కడగాలె. గది నువ్వు పెట్టిన కానూనే. నూట పది ఉన్నయి. మొత్తం కడుగు. ఫోటోలు తీసుడు లేదు."

డెబ్బై రెండేళ్ళ మనిషి. పసుపు మరక పడ్డ తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి తొట్టి ముందు పీట మీద కూర్చున్నాడు. పది గ్లాసులయ్యేసరికి నడుము పట్టుకున్నాడు. నాకు జాలి వేయాలి. వేయలేదు. నేను ముప్పై ఏళ్ళు అదే పీట మీద కూర్చున్నప్పుడు నా నడుము సంగతి ఎవరూ అడగలేదు. కాసేపటికి గోవర్ధన్ అన్న వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన చీటీ కూడా తప్పే. తరువాత ఇంకో నలుగురు వెళ్ళారు. నూట పదో గ్లాసు బోర్లించేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

ఆఖరున ఈ ఏడాది చీటీలు రాశారు. నందిని నాకు ఒక కాగితం తెచ్చిచ్చింది. వెనక్కి తిప్పి చూశాను. అదే దుకాణం బిల్లు, అదే స్కానర్. రాసి, సంతకం పెట్టి, క్యానులో వేశాను. ఆ క్యాను ఇప్పుడు నా మంచం కిందే ఉంది.

తెరిచేదాకా చీటీలో ఏముందో చెప్పకూడదు. ఒకసారి ఆ మాటకు కట్టుబడి ఏం పోగొట్టుకున్నానో చూశారు కదా, అందుకే ఈసారి అందరికీ తెలిసేలా ఇక్కడే చెప్పి పెడుతున్నాను. నేను రాసింది ఇది:

"2045ల గీ క్యాను తెరిచినప్పుడు, గీ చీటీని గూడ ఎవడో ఒకడు తన పేరు మీదనే చదువుకుంటడు. గిది తప్పైతే, అప్పటికి నాకు డెబ్బై ఎనిమిదేండ్లు, అయినా సరే వచ్చి గ్లాసులన్ని నేనే కడుగుత. యశోద."