గ్లైడర్‌కు బొట్టు

కొత్త స్కూటర్ కొన్నా, పాత ఫ్రిజ్ కొన్నా బొట్టు పెట్టందే ముట్టుకోనివ్వని మనిషి కాత్యాయని. అలాంటిది కోడలు ఏకంగా విమానమే సిద్ధం చేస్తే ఊరుకుంటుందా?

విమానమంటే ఇంజిన్ లేని గ్లైడర్. ఎవరో మూలన పడేసిన దాన్ని శ్రీసుధ తెచ్చుకుని, సెలవు రోజులన్నీ ధారపోసి రెండేళ్లు బాగుచేసింది. ఇక ఎగరడానికి పర్మిట్ ఒక్కటే కావాలి. ఇవాళ తనిఖీలో తప్పిందో, ఎండలకు గ్లైడర్ల క్లబ్బు మూసేస్తారు, మళ్లీ అక్టోబరు దాకా గ్లైడర్ షెడ్డులోనే.

గల్ఫ్‌లో తాముండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ నుంచి అత్తాకోడళ్లు పొద్దున్నే ఎడారిలోని రన్‌వేకి చేరారు. శ్రీసుధ సీటు బెల్టులు సర్దుకునేలోగా కాత్యాయని గంధం కలిపి ముక్కుమీదా రెక్కలమీదా బొట్లు పెట్టేసింది. తోకవైపు రెండు పక్కలా చిన్న ఎర్ర సున్నలు కనిపించాయి.

“ఇగో, బొట్టు వెట్టే జాగ వాళ్లే గీసిచ్చిన్రు,” అని మురిసిపోతూ అక్కడా పెట్టింది.

శ్రీసుధ చూసేసరికి గ్లైడర్ పెళ్లికూతురిలా తయారైంది. వచ్చే అధికారి నవ్వుతాడేమోనని సిగ్గుపడి, అత్తమ్మ అటు తిరగగానే తడిగుడ్డతో గబగబా తుడిచేసింది. ఎక్కడ రుద్దుతోందో కూడా చూసుకోలేదు మహాతల్లి.

అధికారి షాహబాజ్ లాహోరువాడు, మొహమాటం ఎరగని మనిషి. పారాషూట్ మడతపెట్టిన తేదీ, బెల్టులు, రేడియో, ప్రమాదంలో సంకేతం పంపే పెట్టె, అన్నీ చూసి తలూపాడు. చివరికి ఎత్తు చూపే మీటర్ దగ్గరకొచ్చాడు. ఎర్ర సున్న మధ్య సూదిమొనంత రంధ్రం ఉంటుంది. బయటి గాలి అందులోంచి మీటర్‌కి అందితేనే ముల్లు కదులుతుంది. ఆయన దానికి చిన్న పంపు ఆనించి గాలి లాగాడు. ముల్లు ఉలకలేదు, పలకలేదు.

“మీటర్ పోయింది మేడమ్. బాగుచేయించాక చూద్దాం. ఖలాస్,” అన్నాడు ఉర్దూలో.

శ్రీసుధ వంగి మీటర్ అద్దాన్ని తట్టి చూసింది. మొన్న శుక్రవారం చక్కగా తిరిగిన ముల్లు! అప్పుడు చేతిలోని తడిగుడ్డ మీద పచ్చటి మరక కంటబడింది. విషయం అర్థమై సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఇప్పుడు నోరు మూసుకుంటే రెండేళ్ల కష్టం షెడ్డుపాలు.

“సార్, మీటర్ మంచిదే. మా అత్తమ్మ పెట్టిన గంధం తుడవబోయి రంధ్రంలోకి నేనే కుక్కాను.”

“పిల్లనేం అనకున్రి సార్. వెట్టింది నేను,” అని కాత్యాయని తనకొచ్చిన ఉర్దూలో అడ్డమొచ్చింది.

షాహబాజ్ వాచీ చూసుకున్నాడు. “ఎవరు పెట్టారన్నది నాకు అక్కర్లేదమ్మా. దారి శుభ్రంగా ఉందని రుజువు చేస్తే చాలు. నేను వెళ్లేలోగా చేయండి. యల్లా, త్వరగా!”

బయటినుంచి పొడిస్తే గంధం ఇంకా లోపలికి పోతుంది. రంధ్రం నుంచి వచ్చే గొట్టం మీటర్‌కు తగిలించి ఉండగా ఊదితే మీటర్ నిజంగానే పోతుంది. శ్రీసుధ ముందు గొట్టాలు విప్పింది. నోటపెట్టుకుని, బుగ్గలు నొప్పిపుట్టేదాకా లోపలినుంచి బయటికి ఊదింది. బయట చేతిరుమాలు పట్టుకుని నిలబడ్డ కాత్యాయని కేకేసింది: “వచ్చింది బిడ్డా!”

రెండో పక్కా వచ్చింది. గొట్టాలు బిగించాక షాహబాజ్ మళ్లీ పంపు పెట్టాడు. ముల్లు హాయిగా పైకెక్కి, ఆయన ఆపినచోట బుద్ధిగా నిలబడింది. ఆయన ఇంకోసారి లాగి చూసి, పర్మిట్ మీద సంతకం చేశాడు.

ఇంకో విమానం తాడు కట్టి గ్లైడర్‌ని పైకి లాక్కెళ్లింది. తాడు వదిలాక శ్రీసుధకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వేడిగాలి కింది నుంచి రెక్కలను ఎత్తుతుంటే, తన చేతులతో అతికిన ప్రతి అతుకూ నిలబడుతుంటే, ఆనందం పట్టలేక గట్టిగా అరిచింది.

కింది నుంచి రేడియోలో అత్తమ్మ గొంతు వచ్చింది. “ఎంతెత్తుల ఉన్నవ్ బిడ్డా?”

“మూడు వేల అడుగులు అత్తమ్మా!”

పొద్దుటి నుంచి “పైలం, జల్దీ దిగు” అని వందసార్లు చెప్పిన మనిషి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

“అప్పుడే దిగకు. ఇంక జర పైకి పో.”