నమాజుకు అడ్డురాని మరక

ప్రతి గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మసీదు మేడమీద ఆడవాళ్ల గదిలో బతూల్ పాఠం చెబుతుంది. సెఫ్రూ ఊళ్లో ఆడవాళ్లకు మతవిషయాలు బోధించే ఉద్యోగం ఆమెది, అందరూ గౌరవంగా లల్లా అని పిలుస్తారు. పాఠం అరగంట, ప్రశ్నలు గంటన్నర. పాఠం కోసం వచ్చేవాళ్లకన్నా ఇమాముగారిని అడగలేనివి ఆమె చెవిన వేయడానికి వచ్చేవాళ్లే ఎక్కువ మరి.

ఆ ప్రశ్నల్లో సగం రక్తం గురించే. నెలసరి అయి పదిరోజులు తిరక్కుండా మళ్లీ మరక కనిపించింది, నమాజు చదవాలా, మానాలా? ఉపవాసం నిలుస్తుందా, పోతుందా? బతూల్‌కు జవాబు కంఠతా వచ్చు. "అది నెలసరి లెక్కలోకి రాదమ్మా. కడుక్కుని, ప్రతి నమాజుకీ కాళ్లూచేతులూ కడిగి వజూ చేసుకుని చదువుకో." అడిగినామె ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతుంది. పన్నెండేళ్లుగా అలా ఎంతమందిని పంపించిందో ఆమెకే గుర్తులేదు.

కొన్నాళ్లుగా బతూల్‌కూ ఆ మరక కనిపిస్తోంది. నలభై నాలుగేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఎవరినీ అడగలేదు. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంది, వజూ చేసుకుంది, చాప పరుచుకుంది. చదువుకున్నవాళ్లకు ఇదో సౌకర్యం, భయం వేస్తే పుస్తకం వెనక దాక్కోవచ్చు.

అక్కణ్నించి ఆమెను బయటికి లాగింది ఇట్టో. ఇట్టో ఊరుమ్మడి స్నానశాల హమ్మాంలో ఒళ్లు రుద్దే మనిషి. చేతికి గరుకు తొడుగు వేసుకుని రుద్దిందంటే మురికితోపాటు పొగరు కూడా వదులుతుందని ఊళ్లో పేరు. ఓ రోజు బతూల్ వీపు సగం రుద్ది, ఆయాసంతో గోడకు జారగిలబడింది. పెదాలు పాలిపోయాయి.

"ఏమైందే ఇట్టో?"

"ఏం లేదు లల్లా. నెల మధ్యలో మరకలని మిమ్మల్ని అడిగానే, అవే. ఈమధ్య కాస్త ఎక్కువయ్యాయి."

"ఎప్పుడడిగావు?"

"పోయిన రంజానులో. మీరు చదువుకోమన్నారుగా. ఒక్క నమాజు తప్పలేదు, ఒట్టు!"

"డాక్టరమ్మకు చూపించావా?"

"దేవుడే అడ్డుచెప్పని దానికి డాక్టరమ్మ దేనికి లల్లా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. బతూల్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. తను చెప్పింది తప్పు కాదు. నమాజు సంగతి అడిగితే నమాజు సంగతి చెప్పింది. కానీ ఈ పిచ్చిమనిషి ఆ ఒక్క మాట పట్టుకుని ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇంకా ఎంతమంది ఇలాగే ఉన్నారో!

"సోమవారం పొద్దున ఆరోగ్య కేంద్రానికి వెళ్తున్నాం. నువ్వూ నేనూ."

"నాకు పనుంది లల్లా."

"ఉండనీ."

సోమవారం ఇట్టో ఇంటికి తాళం వేసి ఉంది. మంగళవారం చెల్లెలికి జ్వరమని కబురు పంపింది. బుధవారం తెల్లారేసరికి బతూల్ హమ్మాం తలుపు ముందు మెట్టుమీద బైఠాయించింది. దారిన పోయేవాళ్లు సలాములు చెబుతున్నారు, ఆమె కదల్లేదు. చివరికి ఇట్టోయే బయటికొచ్చి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"సరే, వస్తా. మీరూ చూపించుకుంటానంటేనే."

"నాకేమైంది?"

"లల్లా, ఈ ఊరి ఆడవాళ్ల ఒళ్లు వాళ్ల మొగుళ్లకన్నా నాకే బాగా తెలుసు. ఇదివరకు మీరు మధ్యలో కూర్చుని కబుర్లు చెప్పేవారు. ఇప్పుడు మూల చూసుకుని కూర్చుని, కాలవలోకి పోయే నీళ్ల రంగు చూస్తున్నారు. నేనేమన్నా గుడ్డిదాన్నా?"

బతూల్ ముఖం తిప్పుకుంది. "రెండు నెలల్నించేలే."

"అయితే పదండి."

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చిన్నపిల్ల, పాతికేళ్లు దాటాయో లేదో. ముందు ఇట్టోను కూర్చోబెట్టి ఏ రోజుల్లో కనిపిస్తుంది, ఎంత కనిపిస్తుంది, పిల్లలు పుట్టకుండా మాత్రలేమైనా వాడుతున్నావా అని అడిగింది. వాడుతున్నానంది ఇట్టో గర్వంగా. పని ఎక్కువున్న రోజుల్లో మరిచిపోతుందట, శుక్రవారం కూర్చుని వారానివన్నీ ఒకేసారి మింగేస్తుందట.

డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. "నీ మరకలకు ఇదే కారణం కావచ్చు. అలాగని వదిలేయలేను. లూపు వల్ల రావచ్చు, లోపల పుండు ఉండొచ్చు, చిన్న కండ పెరిగి ఉండొచ్చు, కడుపు నిలిచినా కనిపించొచ్చు. ఎప్పుడో ఒకరికి క్యాన్సర్ కూడా. మరక చూసి ఏదో చెప్పడం నావల్ల కాదు. లోపల చూడాలి."

చూసింది. లోపల ఏమీ లేదంది, రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు రాసింది, మింగే పద్ధతి ఇట్టోచేత మూడుసార్లు తిరిగి చెప్పించింది. బతూల్ హమ్మయ్య అనుకుని లేచింది.

"మధ్యాహ్నం జుహర్ నమాజు వేళయింది, నేను వెళ్లాలి."

ఇట్టో తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఇంకా గంటుంది. వేళలు నేర్పింది మీరేగా!"

డాక్టరమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలు," అంది ఇట్టో.

బతూల్ తన చేతులకేసి చూసుకుంది. ఇంకో అబద్ధం సిద్ధంగానే ఉంది. తలుపు దగ్గర ఇట్టో పాలిపోయిన పెదాలతో, ఏ అనుమానమూ లేకుండా ఆమెకేసే చూస్తోంది. ఆ చూపు బతూల్ భరించలేకపోయింది.

"పద్నాలుగు నెలలు," అంది. "మా ఆయనతో కలిసినప్పుడు కూడా కనిపిస్తుంది."

డాక్టరమ్మ కలం ఆగింది. ఇట్టో వేళ్లమీద నెలలు లెక్కపెడుతూ మధ్యలో ఆపేసింది.

"అంటే పోయిన రంజానులో నేనొచ్చి అడిగినప్పుడు..."

"అప్పటికే నాకూ ఉంది. నాకు చెప్పుకున్న మాటే నీకూ చెప్పాను ఇట్టో. నీకు ధైర్యం చెప్పానో, నేనే ధైర్యం తెచ్చుకున్నానో నాకే తెలీదు."

ఇట్టో తిడుతుందనుకుంది బతూల్. కోపం వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఇట్టో తలుపు దగ్గర్నించి వచ్చి ఆమె జబ్బ పట్టుకుంది.

"నీ పాపం సంగతి నీకూ దేవుడికీ మధ్య తేల్చుకో. ముందు ఆ బల్లెక్కు."

మొదటిసారి ఇట్టో తనను నువ్వు అంది. బతూల్ చెప్పులు విడిచి బల్లెక్కి పడుకుంది.

"చూడమ్మా," అంది డాక్టరమ్మతో. "ఏముందో నాకు తెలియాలి. రేపు పాఠానికొచ్చే వాళ్లందరికీ చెప్పాలి."