గాలి చొరని ఇల్లు

కాన్‌బెర్రాలో ఉన్నన్నాళ్ళూ బాలమురళికి మంచి పేరే ఉండేది. అక్కడి గంగాలిన్ పేటలో ఇల్లు కట్టుకునే తెలుగువాళ్ళు గృహప్రవేశానికి పంతులుగారిని పిలిచే ముందు ఆయన్ని పిలిచేవారు. ఆయన కిటికీ చట్రాలకు చెంప ఆనించి, తలుపు సందుల్లో వేళ్ళు పెట్టి, చలిగాలి ఎక్కడినుంచి దూరుతోందో పట్టుకునేవాడు. వాతావరణానికి తగ్గట్టు, కరెంటు తక్కువ కాలేట్టు భవనాల గోడలు, కిటికీలు, పైకప్పులు రూపొందించడం ఆయన వృత్తి. "ఇల్లంటే ఫ్లాస్కులా ఉండాలండీ" అని ఎక్కడికెళ్ళినా అనేవాడు. అన్నాక, ఎదుటివాళ్ళు మెచ్చుకోవడానికి వీలుగా కాసేపు ఆగేవాడు కూడా.

భార్య శ్యామసుందరికి డార్విన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో కుటుంబం దేశానికి ఉత్తరపు కొసన ఉన్న ఆ ఉక్కపోత ఊరికి మారింది. ఆయనకూ అక్కడ ఒక డిజైన్ సంస్థలో పని దొరికింది. ఆ ఊరి పాత ఇళ్ళు చూడగానే ఆయన ప్రాణం ఉసూరుమంది. నేలకు ఎత్తుగా స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్ళు. గోడలుండాల్సిన చోట వరసగా అద్దపు రెక్కల కిటికీలు. ఈ పక్కనుంచి వచ్చిన గాలి అడిగేవాడు లేనట్టు ఆ పక్కనుంచి వెళ్ళిపోతుంది.

కర్నూలు నుంచి వచ్చి స్థిరపడిన ఫార్మసిస్టు రహీమ్, ఆయన భార్య ఫహ్మీదా అలాంటి ఇంట్లోనే ఉండేవారు. మొదటిసారి వాళ్ళింట్లో భోంచేస్తూ బాలమురళి చుట్టూ కలయజూసి, "ఏమీ అనుకోకండి రహీమ్ గారూ, ఇది ఇల్లు కాదు, జల్లెడ" అన్నాడు.

"జల్లెడే లే అన్నా. గాలి బాగా వస్తాది" అని రహీమ్ ఇంకో గరిటె బిర్యానీ వడ్డించాడు.

శ్యామసుందరి బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన దాన్ని ప్రోత్సాహం అనుకుని, గాలి చొరబాటు గురించి ఇంకో పావుగంట మాట్లాడాడు.

డార్విన్‌కి ఇల్లంటే ఏమిటో చూపించాలనే పట్టుదలతో అదే వీధి చివర స్థలం కొని తన ఇల్లు తనే గీసుకున్నాడు. దళసరి గోడలు, రెండు పొరల అద్దాలు, సూది మొన కూడా దూరని అతుకులు. పడమటి వైపు సూర్యాస్తమయం కనిపించేలా పెద్ద అద్దం, దానికి నీడ చూరు కూడా లేదు. ఉంటే ఫోటోల్లో బాగోదని. తెరుచుకునే కిటికీలు చట్టం అడిగినన్నే, అవీ పైకప్పు దగ్గర, మోటారుతో నడిచేవి. చేత్తో తిప్పే పిడి కూడా పెట్టమంటారా అని కిటికీల వాళ్ళు అడిగితే, దాని కోసం ఇంకో చిల్లు ఎందుకని వద్దన్నాడు. ఏసీ పిసరంత వేస్తే చాలు, ఇల్లంతా చల్లగా ఉండేది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఫ్లాస్కు కథ చెప్పేవాడు. పదో తరగతి చదివే కూతురు పింకీ మాత్రం, "డాడ్, ఇట్స్ అ లంచ్‌బాక్స్" అనేసి తన గదిలోకి పోయేది.

అదే ఊపులో ఆఫీసులో ఒక వృద్ధాశ్రమం పని ఆయన చేతికొచ్చింది. దాన్నీ తన ఇంటికి అన్నగారిలా రూపొందించి, "తెరుచుకునే కిటికీలు ఈ భవనానికి అనవసరమైన బలహీనత" అని నివేదికలో రాశాడు. ఆ వాక్యం ఆయనకెంత నచ్చిందంటే శ్యామసుందరికి రెండుసార్లు చదివి వినిపించాడు.

వానాకాలం మొదట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం తుఫాను గాలి వచ్చి ఎక్కడెక్కడి చెట్లో కరెంటు తీగల మీద కూలాయి. ఊళ్ళో సగానికి కరెంటు పోయింది. గాలీ వానా వెలిశాయి. మళ్ళీ ఎండ కాసింది.

"కంగారేం లేదు. ఫ్లాస్కు కదా, చల్లదనం ఎక్కడికీ పోదు" అన్నాడు బాలమురళి, సోఫాలో కాళ్ళు చాపుకుని.

చల్లదనం నిజంగానే కాసేపు ఉంది. తర్వాత పడమటి అద్దంలోంచి ఎండ లోపలికొచ్చి కూర్చుంది. అది కూడా ఎక్కడికీ పోలేదు. ముగ్గురి ఊపిరి తడికి గది ఆవిరిపట్టినట్టయింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"పైన సోలార్ పలకలున్నాయి కదండీ, ఏసీ వెయ్యొచ్చుగా?" అంది శ్యామసుందరి.

"లైన్లో కరెంటు లేకపోతే అవీ ఆగిపోతాయి. లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా. బ్యాటరీ ఉండాలి."

"పోనీ కిటికీలు తెరవండి."

ఆయన తలెత్తి పైకప్పు దగ్గరి కిటికీల వైపు చూశాడు.

"మోటార్లా?" అంది ఆవిడ.

"మోటార్లే."

స్టూలెక్కి కిటికీని తోశాడు. గుద్దాడు. బతిమాలాడు కూడా. తను స్వయంగా పరీక్షించి భేష్ అన్న కిటికీ అది; ఇసుమంతైనా కదల్లేదు. చివరికి ఇంటికున్న ఒకే ఒక్క తలుపు, వీధి తలుపు తెరిచారు. గాలి రాలేదు గాని దోమలొచ్చాయి. గాలి రావాలంటే పోవడానికి ఇంకో దారి ఉండాలని ఆయనే ఒకప్పుడు యూనివర్సిటీలో పిల్లలకు పాఠం చెప్పాడు.

"ఐ యామ్ గోయింగ్ టు రహీమ్ అంకుల్స్" అని పింకీ చెప్పులేసుకుంది. శ్యామసుందరి ఆమె వెనకే నడిచింది. ఇంటి యజమాని తలుపు తాళం వేసి వాళ్ళ వెనక నడిచాడు.

రహీమ్ ఇంట్లోనూ కరెంటు లేదు. అద్దపు రెక్కలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వాన తడిపిన గాలి చెట్ల మీంచి వచ్చి ఇల్లంతా తిరిగి అవతలికి పోతోంది. విశాలమైన చూరు కింద గోడల మీద ఎండపొడే లేదు.

"రాండన్నా, రాండి. జల్లెడలో కూర్చోండి" అన్నాడు రహీమ్. అందులో ఎత్తిపొడుపు లేదు, పక్కా ఆప్యాయతే. అందుకే బాలమురళికి ఇంకా సిగ్గేసింది. "ఇదీ పూర్తిగా మంచి ఇల్లేం కాదన్నా. ఉక్కపోత నెలల్లో ఏసీ వేస్తే సగం చల్లదనం కాకులకే పోతాది."

వాళ్ళు టీ తాగుతుంటే ఫహ్మీదా అడిగింది. "మీరు పెద్దోళ్ళ హోమ్ ఒకటి కట్టిస్తున్నారంట కదా అన్నా. ఇట్ల కరెంటు పోతే వాళ్ళకి ఎట్ల?"

"జనరేటర్ ఉందమ్మా. లిఫ్టుకీ, దీపాలకీ, మందుల ఫ్రిజ్‌లకీ..."

"ఏసీకి?"

ఆయన కప్పు కింద పెట్టాడు. శ్యామసుందరి ఆయన వైపు చూడకుండా, "వడదెబ్బ తగిలిన పెద్దవాళ్ళు మా వార్డుకి వస్తారు. దాహంగా ఉందని కూడా చెప్పరు, వాళ్ళకే తెలీదు" అంది. ఆ మాట మామూలుగా, ఆసుపత్రి సంగతులు చెప్పినట్టే చెప్పింది. కాని ఇందాక స్టూలెక్కి తను కిటికీని గుద్దడం బాలమురళికి గుర్తొచ్చింది. స్టూలెక్కలేనివాళ్ళు, గుద్దలేనివాళ్ళు ఆ గదుల్లో వరసగా మంచాల మీద పడుకుని ఉన్నట్టు కళ్ళకి కట్టింది.

ఆ వారమే సమావేశంలో డిజైన్ మార్చాలన్నాడు. ఆశ్రమం తరఫున పని చూసే వివేక్ ఈ దేశంలోనే, క్రాన్‌బర్న్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రవాడు, మర్యాదస్తుడు. నివేదిక తెరిచి, "అంకుల్, ఇక్కడ విండోస్ అనవసరమైన బలహీనత అని ఉంది కదా?" అన్నాడు.

"ఉంది. రాసినవాడికి డార్విన్ తెలీదు."

"బట్, రాసింది మీరే కదా?"

"అందుకే అంత గట్టిగా చెప్పగలుగుతున్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆర్కిటెక్టు మాత్రం నవ్వలేదు, గీతలన్నీ మళ్ళీ గీయాల్సింది ఆవిడే. ఆ సాయంత్రం దాకా బాలమురళి తన నివేదికతో తనే పోట్లాడాడు. అది చాలా పకడ్బందీగా రాసిన నివేదిక. దాన్ని ఓడించడానికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. ఒక దశలో వివేక్ ఆ నివేదికలోంచి చదివిన వాదన విని, మాట బాగుందే అనుకుని, అది తనదేనని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

అన్నీ నెగ్గలేదు. పడకగదుల్లో ఒక్కో కిటికీ మాత్రమే ఒప్పుకున్నారు. భోజనాల హాలుకి మాత్రం ఎదురెదురు వైపులా చేత్తో తిప్పే రెక్కల కిటికీలు, మూస్తే గట్టిగా పట్టేవి, వచ్చాయి. ఎండ గోడ తాకకుండా చుట్టూ లోతైన వరండా వచ్చింది. కరెంటు పోతే అందరినీ ఆ హాల్లోకి తేవచ్చు. ఏసీ ఉన్నప్పుడు మూసుకుంటే చల్లదనమూ పోదు. ఇంటి దగ్గర కూడా పడమటి అద్దానికి చూరు కట్టించాడు. ఎదురెదురు గోడల్లో తెరుచుకునే కిటికీలు పెట్టించాడు. గోడ కొయ్యడానికొచ్చిన పనివాళ్ళు "ఇంత మంచి గోడ ఎందుకండీ పాడుచేస్తారు?" అని అడిగితే, "కట్టినవాడు మూర్ఖుడులెండి" అని ఊరుకున్నాడు.

రెండేళ్ళ తర్వాత వానల్లేని కాలంలో, అంటే అక్కడ చల్లగా, హాయిగా ఉండే జూలైలో, ఆశ్రమం తెరిచారు. బాలమురళి పొద్దున్నే వెళ్ళి హాల్లో రెక్కలన్నీ తెరిచి, గాలి ఇటునుంచి అటు పోవడం తనివితీరా చూస్తూ నిలబడ్డాడు. శ్యామసుందరిని పిలిచి చూపించాడు. ఆవిడ ఈసారి కాలు తొక్కలేదు.

ఉన్ని శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ఆయన చెయ్యి తట్టింది.

"అది మూసెయ్యి డార్లింగ్," అంది ఇంగ్లీషులో, పళ్ళు టకటకలాడిస్తూ. "చలికి చచ్చిపోతున్నాం."

బాలమురళి ఆవిడకి నమస్కారం పెట్టి, ఒక్కొక్కటే మూసేశాడు.